అరచేతిలో కూత

తవిటమ్మ పొయ్యి మీంచి ఇడ్లీపాత్ర దించేసరికి ఆమె మొగుడు సత్యారావు వాకిట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పక్కింటి మేరీరాణి కోడి. దాని నడుం మీది ఈకల్ని బొటనవేలితో దువ్వి, తోక మొదట్లో వంగి వంగి చూస్తున్నాడు. కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. ఎదురుగా మేరీరాణి చేతులు కట్టుకుని నిలబడింది.

కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు వెనక, నది గట్టునానుకుని ఉన్న ఆ కూలీల క్వార్టర్ల లైన్లలో తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ కోళ్ళున్నాయి. కోడిపిల్లలకి కాస్త ఈకలు పట్టగానే ఆడవాళ్ళు కొంగులో వేసుకుని సత్యారావు దగ్గరికి తెస్తారు. పెట్టకి నడుం మీది ఈకల కొనలు గుండ్రంగా ఉంటాయి. పుంజుకి సన్నగా, సూదిగా జారతాయి. కాళ్ళు లావు. అన్నిటికంటే ముందు ఆయన చూసేది నిలబడడం. "పుంజు, ఎవలో పిలిసినట్టు నిలబడతాది" అంటాడు.

పెట్టలు ఇళ్ళకి తిరిగెళ్ళి గుడ్లు పెట్టుకుంటాయి. పుంజులు కూడా వెళ్తాయిగానీ ఎక్కువ కాలం ఉండవు. పేరు పెట్టుకుని, కొయ్యడానికి చెయ్యిరాని వాళ్ళు మాత్రం వాటిని సత్యారావు వాకిట్లో వదిలేసి, వెనక్కి చూడకుండా పోతారు. అలా చేరిన పుంజులే ఇప్పుడు ఆ వాకిలి నిండా. పెట్ట లేనిచోట పుంజులు కొట్టుకోవని ఆయన కనిపెట్టాడు. మొదట్లో నాలుగు రోజులు మెడలు రిక్కించుకుని, తర్వాత దేని చోటు అది ఎరిగి మసులుతాయి. లైన్లలో బెంగాలీలు ఆయన్ని మొరగ్‌ దా, అంటే పుంజులన్న, అంటారు.

"ఇది పెట్టే మావయ్యా. అమ్ములని పేరు కూడా ఎట్టీసినాను. సరిగ్గా సూడు" అంది మేరీరాణి, పెదాలు బాగా కదిలిస్తూ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "పుంజే."

మేరీరాణి తవిటమ్మ వైపు తిరిగింది. "ఇంకా కుయ్యనైనా నేదు గదత్తా. పుంజయితే ఈ ఆదివారం కోసీమన్నాడు మా ఆయన. ఆల తమ్ముడొస్తన్నాడు."

తవిటమ్మ ఇడ్లీపాత్ర మూత తీసింది. ఆ పుంజుల కూతలూ, వాటి మూలాన జనం కూసే కూతలూ ఇన్నేళ్ళుగా ఆమె చెవుల్లోకే వచ్చాయి. రాత్రి డ్యూటీ చేసొచ్చిన వాళ్ళు తలుపులు బాదేవాళ్ళు. సత్యారావు నవ్వుతూ నమస్కారం పెట్టేవాడు. ఆయనకి వినబడదు.

వినబడదని ముందు తెలిసింది ఆమెకే. అప్పుడాయన మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేవాడు. ఆ మగ్గాల హోరులో వయసంతా గడిచింది. ఒకరోజు పొద్దున్నే డ్యూటీకి బయల్దేరి, గట్టు మీద ఆగిపోయాడు. వెనకే తవిటమ్మ. ఎవరిదో ఎర్రపుంజు మట్టిదిబ్బ ఎక్కి, మెడ చాచి, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. గొంతు పొంగింది, దిగింది. ఆయన చాలాసేపు చూసి, ఆమె భుజం తట్టాడు.

"పాపం, కోడికి గొంతు పోనాదే" అన్నాడు.

ఆ కూతకి అవతలి ఒడ్డున పడవవాళ్ళు కూడా తలెత్తి చూశారు. అది ఆయనకి చెప్పడానికి తవిటమ్మకి నోరు రాలేదు. ఆమె మొహం చూసి ఆయనే తెలుసుకున్నాడు. ఆ సాయంత్రం ఆ పుంజుని అడిగి తెచ్చుకున్నాడు. అది మొదటిది.

"ఓలే, ఇటు రా" అన్నాడు సత్యారావు ఇప్పుడు.

ఆయన గొంతులో ఏదో తొందర. తవిటమ్మ చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని అమ్ములు రొమ్ము కింద పెట్టి, తన చెయ్యి దాని మీద వేసి నొక్కాడు. "ఒట్టుకో. కదపకు."

వెచ్చగా ఉంది. పిడికెడు గుండె దడదడా కొట్టుకుంటోంది. అంతే అనుకుంది. ఇంతలో ఆ ఒంట్లో అడుగు నుంచి ఏదో కదిలింది. పక్కటెముకలు విచ్చుకున్నాయి. లోపలికి గాలి పట్టింది, ఇంకా పట్టింది, అంత చిన్న ఒంట్లో అంత చోటెక్కడిదో. ఆ బిగువు అరచేతిలోంచి ఆమె మోచేతి దాకా పాకింది. అమ్ములు మెడ నిలబెట్టి, పగిలిన బూరలాంటి గొంతుతో కూసింది. మొదటి కూత. సగంలో విరిగిపోయింది.

జన్మంతా కోడికూతకే లేచింది తవిటమ్మ. దాన్ని తిట్టింది, చెవుల్లో దూది పెట్టుకుంది. అది ఇలా ఉంటుందని ఎరగదు. ఈ మనిషి ఇన్నేళ్ళూ వింటూనే ఉన్నాడని ఎరగదు. సత్యారావు ఆమె మొహంలోకే చూస్తున్నాడు, నీకూ తెలిసిందా అన్నట్టు. ఆమె తలూపింది. కళ్ళు తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి. తియ్యబుద్ధి కాలేదు.

మేరీరాణి కోడిని తీసుకోవడానికి చాచిన చేతులు మెల్లగా దించేసుకుంది. "ఇక్కడే ఉండనీయత్తా. మా ఆయనికి నేను సెప్పుకుంతాను" అని వెళ్ళిపోయింది.

తవిటమ్మ ఇడ్లీలు మిల్లు గేటు దగ్గర అమ్ముకుని వచ్చింది. ఇద్దరూ కలిసి చేపలపులుసుతో అన్నం తిన్నారు. చలి మొదలవకముందే గూటికి అడ్డం కడతానని, సత్యారావు పాత గోనెలు రెండు విప్పి, నులకమంచం మీద కూర్చుని కుట్టడం మొదలుపెట్టాడు. కాసేపయ్యాక నడుం వాల్చాడు. ఆమె గిన్నెలు తోముకుంది.

టీ పెట్టి తీసుకొచ్చేసరికి పుంజులన్నీ మంచం నీడలో మట్టి కుళ్ళగించుకుని పడుకున్నాయి. ఆయన్ని పిలిచి లేపడం ఎప్పుడూ లేదు. అలవాటుగా పాదం పట్టుకుంది. పాదం చల్లగా ఉంది. ఇంకోసారి పట్టుకుంది. గ్లాసు కింద పెట్టి, ఆయన రొమ్ము మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చుంది. పుంజులు బెదరలేదు.

పొద్దు వాలకుండానే లైన్లవాళ్ళు ఆయన్ని పాడె మీద నది గట్టు వెంట తీసుకెళ్ళారు.

మర్నాడు తెల్లవారుతుంటే పుంజులు ఒకదాని వెనక ఒకటి కూశాయి. అన్నిటికంటే వెనక అమ్ములు, విరిగిన గొంతుతో. లైన్లలో ఒక్క తలుపూ చప్పుడు కాలేదు. రాత్రి డ్యూటీ నుంచి వస్తున్న ఒకతను సైకిలు దిగి, కూతలు అయ్యేదాకా నిలబడి, నడిపించుకుంటూ పోయాడు. మేరీరాణి వచ్చి నూకలు చల్లింది. తవిటమ్మ గుమ్మంలో కూర్చుని అన్నీ వింది.

గోనె మంచం మీదే ఉంది. సగం దాకా దగ్గర దగ్గర కుట్లు, ఆ తర్వాత దిగేసిన దబ్బనం, దాని చెవిలోంచి వేలాడుతూ ఇంకా బారెడు జనపనార దారం.