లుజైన్ పిన్ని

గ్రీసులో ఖియోస్ దీవిలోని శరణార్థుల శిబిరంలో ఖుజామాను సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరు. కిటికీ దగ్గర కూర్చునే గ్రీకు గుమస్తాకు ఆమె ఒక నంబరు. డేరాల వాళ్లందరికీ లుజైన్ పిన్ని.

లుజైన్ ఆమె అక్క కూతురు. సిరియాలో వాళ్ల ఊరు సరాకిబ్ బజారు మీద బాంబులు పడ్డ రోజున అక్కా బావా ఇద్దరూ పోయారు. అప్పటికి పిల్లకు రెండేళ్లు. ఓ రోజు "అమ్మా" అంటూ ఖుజామా మెడ వాటేసుకుంది. ఖుజామాకు ఏడుపు ముంచుకొచ్చింది గానీ ఒప్పుకోలేదు. చనిపోయిన అక్క దగ్గర ఆ ఒక్క పిలుపూ లాక్కోవడానికి మనసు రాలేదు. అందుకే మూడేళ్లుగా రొట్టె పెట్టేముందు రోజూ అడుగుతుంది.

"మీ అమ్మ పేరు?"

"ఇబ్తిహాల్. అబ్దుల్ కరీం కూతురు. సరాకిబ్."

చెప్పి, చెయ్యి చాస్తుంది. అప్పుడు రొట్టె.

ఆశ్రయం ఇవ్వాలో వద్దో తేల్చే ఇంటర్వ్యూకు తేదీ పడగానే పక్క డేరా ఉమ్ నిదాల్ వచ్చి కూర్చుంది.

"పిచ్చిమొహమా, పిన్నినని మాత్రం చెప్పకు. వీళ్ల లెక్కలో పిన్నంటే దారినపోయే మనిషే. తల్లినని చెప్పెయ్. కాగితాలన్నీ సముద్రంలోనే పోయాయిగా!"

"అబద్ధం నా నోట రాదక్కా."

"అయితే నీ నిజం నువ్వే ఉంచుకో. పిల్లను జర్మనీలో ఉన్న వాళ్ల పెదనాన్నకు అప్పగిస్తారు. నువ్విక్కడే ఎండిపో."

ఖుజామా హడలిపోయింది. "ఎవరడిగినా నేను మీ అమ్మనని చెప్పు" అని పిల్లకు రెండు రోజులు నూరిపోసింది.

అధికారి మంచి మనిషి. పిల్ల చేతిలో బిస్కెట్ పెట్టింది. దుబాసీ అరబ్బీలో అడిగాడు.

"ఈవిడెవరమ్మా?"

"మా అమ్మ."

"మీ అమ్మ పేరేంటి?"

తినేముందు రోజూ అడిగే ప్రశ్నే. లుజైన్ నిటారుగా నిలబడి గడగడా అప్పజెప్పింది. "ఇబ్తిహాల్. అబ్దుల్ కరీం కూతురు. సరాకిబ్." పిన్ని మెచ్చుకుంటుందేమోనని ఇటు చూసి, బిస్కెట్ కొరికింది.

అధికారి కాగితం మీద తల్లి అని రాసినచోట ఉన్న ఖుజామా పేరు చూసింది. తర్వాత రాయవలసిందే రాసింది.

ఆరు నెలలకు జవాబొచ్చింది. ఒక్కసారైనా పిల్లను ఎత్తుకోకపోయినా, జర్మనీ కాగితాలున్న పెదనాన్న బంధువట. చంకనేసుకుని సముద్రం దాటించిన పిన్ని ఎవరూ కాదట. ఐరోపాలో ఇరవై ఎనిమిది దేశాల పెద్దలు కూర్చుని రాసుకున్న చట్టం అది. వాళ్లలో ఒక్కరినీ పిన్ని పెంచలేదు కాబోలు.

పిల్ల జర్మనీ ప్రయాణం నాటి పొద్దున, బస్సు పక్కన, ఖుజామా రొట్టె ముక్క తుంచి పట్టుకుంది.

"మీ అమ్మ పేరు?"

చెప్పింది.

"మరి నా పేరు?"

"పిన్ని."

"అది కాదు తల్లీ, నా పేరు."

పిల్ల బిక్కమొహం వేసింది. "లుజైన్ పిన్ని."

ఖుజామాకు అప్పుడు తెలిసింది. పోయినదాని పేరు మూడేళ్లు నేర్పింది, బతికున్నదాని పేరు ఒక్కనాడూ నేర్పలేదు. రేపు ఈ పిల్ల పెద్దదై వెతకాలన్నా ఏమని వెతుకుతుంది? నోరు తెరిచేలోగా తోడు వెళ్లే ఆవిడ పిల్లనెత్తి లోపల కూర్చోబెట్టింది. తలుపు మూసుకుంది.

"ఖుజామా!" కదిలిన బస్సు వెంట పరిగెడుతూ అద్దం మీద చేత్తో బాదింది. "ఖుజామా! అబ్దుల్ కరీం కూతురు! చెప్పమ్మా, ఖుజామా!"

రొట్టె ముక్క ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది.

అద్దం వెనక లుజైన్ పెదాలు కదిలాయి. చెప్పడం అయ్యాక, రోజూ చాచినట్టే చెయ్యి చాచింది. ఏ పేరు చెప్పిందో ఖుజామాకు వినిపించలేదు.