ఎంగిలి నాడె

భివండీ శాంతి నగర్‌లో సాంచ, అంటే మరమగ్గం, నడిపేవాడికి రెండు చేతులే కాదు, నోరు కూడా పనిముట్టే. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కండెకు చుట్టిన నూలు అయిపోగానే సాంచ ఆగుతుంది. కొత్త కండె పెట్టి, నాడె చివర ఉన్న సన్న రంధ్రానికి పెదవులు ఆనించి గట్టిగా పీలిస్తే పోగు ఇవతలికి వచ్చేస్తుంది. రెప్పపాటు పని. యోహాను భివండీకి వచ్చిన నాటి నుంచి అట్లాగే పీల్చాడు. పోగుతో పాటు దుమ్మూ దూదీ ఎంత లోపలికి పోయిందో ఆయనకు పట్టలేదు, సేఠ్‌కు అసలే పట్టలేదు.

సెల్‌ఫోన్లు ఇంకా సేఠ్‌ల చేతుల్లోనే ఉన్న రోజులు. ఆ ఎండాకాలం యోహానుకు దగ్గుతో రక్తం పడింది. దవాఖానాలో టీబీ అన్నారు. కొన్ని వారాలు ఇంట్లో పడుకుని గోళీలు మింగాడు. పడుకుంటే పొయ్యి ఎట్లా వెలుగుతుంది? కామెర్లు వచ్చి తగ్గాయని మేస్త్రీకి చెప్పి మళ్లీ పనిలో చేరాడు. దవాఖానాలో గోళీలిచ్చే సుశీలాబాయి మాత్రం ఊరికే వదల్లేదు. మందు మధ్యలో మానితే రోగం తిరగబెడుతుందని బెదిరించింది. ఒకరు నోట పెట్టింది ఇంకొకరు నోట పెట్టుకునే ఆ పాడు పని ఇక చేయనని చేతిలో చేయి వేయించుకుంది.

గోళీలు మింగడం ఎంతసేపు! తిప్పలన్నీ నోటితోనే వచ్చాయి. యోహాను నడిపే నాలుగు సాంచలనే రెండో పాళీలో ఎలీషా నడుపుతాడు. ఎలీషా అంటే భార్య మార్తకు ఒక్కగానొక్క తమ్ముడు. కరీంనగర్ దిక్కు పల్లె నుంచి వాడిని తీసుకొచ్చి పని నేర్పింది యోహానే. పోగు పీల్చడం నేర్పిందీ ఆయనే. ఒక వారం బావ పగలు, బామ్మర్ది రాత్రి. మరుసటి వారం తారుమారు. మనుషులు మారతారు గాని నాడె మారదు. తన ఎంగిలి వాడి నోట్లోకి పోతుందన్న ఆలోచన వచ్చిన రోజున యోహానుకు అన్నం సయించలేదు.

వాడికి చెబుదామంటే భయం. వరాలా తలావ్ దగ్గర అద్దె ఖోలీలో వాడితో ఉండే పోరగాళ్లకు తెలుస్తుంది, అక్కడి నుంచి మేస్త్రీ చెవిన పడుతుంది, సాంచలు పోతాయి. అందుకని చెప్పకుండానే వాడిని కాపాడుకోవాలనుకున్నాడు.

సైకిల్ చక్రం పుల్ల వంచి కొక్కెం చేసుకున్నాడు. దాన్ని రంధ్రంలోంచి దూర్చి పోగు లాగాలి. మొదటి రోజు కొక్కెం చేతిలో ఉండగానే నోరు తన పని తాను చేసేసింది. ఉమ్మేసి, నాడె కడిగి, తనను తానే తిట్టుకున్నాడు. మర్నాడూ అంతే. ఒట్టు పెట్టుకున్నది బుర్ర. ఇన్నేళ్లు చాకిరీ చేసింది నోరు. బుర్ర చెప్పినంత మాత్రాన అది ఎందుకు వింటుంది? చివరికి, కళ్లం దగ్గర ఎద్దుకు చిక్కం కట్టినట్టు మూతికి రుమాలు కట్టుకున్నాడు. పెదవులు వెళ్లి గుడ్డకు తగిలేవి, అప్పుడు గుర్తొచ్చేది. కొత్తకోడలు ముసుగేసుకొచ్చిందని పక్క సాంచల గట్టయ్య రోజూ నవ్వేవాడు.

రోజూ అదే తంతు. మీట నొక్కకముందే రుమాలు కట్టుకోవాలి, కొక్కెం కుడి చెవి మీద పెట్టుకోవాలి, ఆ తర్వాతే సాంచ. లోపల ఉక్క, గుడ్డ కింద ఇంకా ఉక్క. కొక్కెంతో ఆలస్యమై బట్ట తక్కువ దిగుతోందని మేస్త్రీ సణుగుడు. సాంచలకు శుక్రవారం సుట్టీ వస్తే ఒళ్లు తేలికపడాలి గదా, శనివారం పొద్దున నోరు మళ్లీ పాత దారి పట్టేది. అలవాటు చేసుకుంటే అదే తేలికవుతుందని చెప్పే పెద్దమనుషులు ఒక్క పాళీ నాలుగు సాంచల మధ్య తిరిగి, అప్పుడు చెప్పాలి ఆ మాట. యోహాను అలసిపోయాడు. పనితో కాదు, తనకు తాను కాపలా కాసి కాసి అలసిపోయాడు. అయినా వానాకాలం వచ్చేసరికి నోరు కాస్త మాట వింటోంది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఊపిరాడక రుమాలు కిందికి లాగి కూర్చున్నాడు. కాసేపటికి కరెంటు వచ్చింది, ఒక సాంచలో కండె అయిపోయింది, మేస్త్రీ కేక పెట్టాడు. ఆ హడావిడిలో నాడె తీశాడు, పీల్చాడు. పోగు నాలుకకు తగిలాక గాని చేసిన పని తెలియలేదు. నాడె పట్టుకుని నల్లా దగ్గరికి పరుగెత్తాడు. అప్పుడే రాత్రి పాళీకి వచ్చిన ఎలీషా అక్కడ చూసి, నాడె ఎందుకు కడుగుతున్నావని అడిగాడు. అబద్ధం ఆడే ఓపిక కూడా మిగల్లేదు. రోగం పేరు చెప్పేశాడు యోహాను, తల వంచుకుని.

"నాకెరుకే బావా," అన్నాడు ఎలీషా. "అక్క ఎప్పుడో చెప్పింది. అడుగుతె నువ్వు చిన్నబోతవని అడగలే. నేను గూడ కొక్కెంతోనే తీస్తున్న. తెల్లారగట్ల నిద్ర తూగినప్పుడే, ఎంత ఆపినా నోరు పోతది."

మార్త మీద కోపం వచ్చింది, వచ్చినంత తొందరగానే పోయింది. ఆ వెనుకే భయం పట్టుకుంది. తాను ఇన్నాళ్లూ ఒక్కడే కాపలా కాశాననుకున్నాడు. వాడూ తనలాగే కాస్తూ, తనలాగే తప్పుతూ ఉన్నాడన్నమాట. శుక్రవారం వాడిని సుశీలాబాయి దగ్గరికి లాక్కుపోయాడు. పరీక్షలన్నీ అయ్యి, కబురు తెలిసేదాకా యోహాను చేసిన ప్రార్థనలో తన ఊసే లేదు. మరుసటి శుక్రవారం వాడికి ఏమీ లేదని తేలింది. దవాఖానా మెట్ల మీదే కూలబడి యోహాను ఏడ్చాడు. ఎలీషా సిగ్గుపడి అటూ ఇటూ చూశాడు.

మర్నాడు సాయంత్రం పాళీ మారే వేళకు ఎలీషా ఈల వేసుకుంటూ వచ్చాడు. యోహాను చొక్కా వేసుకుని ఇంటికి బయలుదేరాడు. మొదటి సాంచ ఆగింది. ఎలీషా కొత్త కండె పెట్టాడు, నాడె ఎత్తాడు, నోటికి ఆనించి పీల్చాడు. పోగు లాగి నాడెను సాంచలో పెట్టబోతూ, బావ ముఖం చూసి ఆగిపోయాడు.

"మంచిగున్నదన్నరని మర్సిన బావా," అన్నాడు మెల్లగా.

చెంప పగలగొట్టాలనిపించింది యోహానుకు. చెయ్యి లేవలేదు, అంత సత్తువ లేదు. వాడి చేతిలోంచి నాడె తీసుకుని కడిగి తెచ్చి ఇచ్చాడు.

"మంచిగున్నప్పుడే మరుపొస్తదిరా. నేను ఎండాకాలం సంది ఆపుకుంటనే ఉన్న, ఇంకా తప్పుతనే ఉన్న. నీకు ఇయ్యాల మొదలు. నడుపు, నేను ఈడనే కూసుంట."

మార్త అన్నం వండి ఎదురుచూస్తూ ఉంటుంది. తెల్లారితే మళ్లీ తనదే పాళీ. యోహాను బట్ట తానుల పక్కన కాళ్లు చాపుకుని గోడకు ఒరిగాడు. కళ్లు మూతలు పడుతున్నాయి. సాంచ ఆగిన ప్రతిసారీ వాటిని బలవంతాన తెరిచి, బామ్మర్ది నోటి వైపు చూస్తూ కూర్చున్నాడు.