తొమ్మిది కయ్యల ఇంగ్లీషు

వేలూరు ఆస్పత్రిలో వార్డు పని కోసం పరీక్షకు రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ తప్పాను. రోగి బాధ డాక్టరుకు చెప్పడానికి కావలసిన ఇంగ్లీషు మాటలు అక్కడ నోటితో అడుగుతారు. పాలు పితుకుతూ బట్టీ కొట్టినవన్నీ ఆ కుర్చీలో కూర్చోగానే ఎగిరిపోయేవి. మూడోసారి తప్పితే ఇక పిలవరు. గుడియాత్తంలో బస్సు దిగి ఇంటికొచ్చి, పుస్తకాన్ని పశువుల కొట్టంలోకి విసిరికొట్టాను.

మా నాయన రంగరాజులు ఏ భాషా చదవలేడు. ఆ పుస్తకాన్ని దులిపి తెచ్చాడు.

"మన పొలంలో కయ్యల పేర్లు యా పుస్తకంలో బట్టీ కొట్టినావు సురేఖమ్మా? దురదగొండి కయ్యను మర్చిపోతావా?"

ఎలా మరిచిపోతాను! ఆరేళ్లప్పుడు అక్కడే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊరు అదిరేలా ఏడ్చాను.

"అయితే దద్దుర్లకి ఇంగ్లీషు మాట ఆడనే పెట్టు."

మరునాటి నుంచి ఇద్దరం మా తొమ్మిది కయ్యల గట్ల వెంట నడిచాం. దురదగొండి కయ్యలో 'రాష్' పెట్టాను. కొడవలికి నా కాలు తెగిన కయ్యలో 'బ్లీడింగ్'. అమ్మ కళ్లు తిరిగి పడిన చోట 'డిజ్జీ'. "డిజ్జీ, డిజ్జీ" అంటూ నాయన కోడిని పిలిచినట్టు పిలిచి నవ్వాడు.

తొమ్మిదోది బావి కయ్య. అక్కడికి చేరేసరికి ఆయన ఆయాసంతో గట్టుకు అడ్డంగా కూలబడ్డాడు.

"దీనికేం మాట?"

"బ్రెత్‌లెస్."

"ఇది నాది. నన్ను దాటుకోని పో అమ్మా, పొద్దెక్కతా ఉండాది."

"పెద్దోళ్లని దాటకూడదు, ఊరికే ఉండు నాయనా!" అని కసిరి, బురదలో దిగి చుట్టూ తిరిగి వెళ్లాను. ఆ ఆయాసం ఏమిటని అడగలేదు. నా పరీక్ష గోలలో నేనున్నాను, పాపిష్టిదాన్ని.

ఇరవై రోజులకు ఆయన ఆ గట్టు మీదే పోయాడు.

నెల తిరక్కుండా మూడోసారి వేలూరు వెళ్లాను. వాళ్లు అడిగేకొద్దీ మనసులోనే గట్ల వెంట నడిచాను. ఏ కయ్య మాట ఆ కయ్యలోనే దొరికింది. చివరికి పరీక్ష చేసే పెద్దావిడ అరవంలో అడిగింది, రోగికి ఊపిరాడకపోతే డాక్టరుకు ఏమని చెబుతావని.

బావి కయ్య. గట్టుకు అడ్డంగా నాయన కూర్చుని ఉన్నాడు. మాట ఆయనకు అవతల ఉంది. ఆవిడ పెన్నుకు మూత పెట్టబోయింది. బురదలో దిగి తిరిగి వెళ్లే వ్యవధి లేదు.

తప్పయిపోయింది నాయనా అనుకుంటూ ఆయన్ని దాటాను.

"బ్రెత్‌లెస్" అన్నాను.

పని ఇచ్చారు. ఆ సంతోషంలో ఏడుస్తున్నాననుకుని ఆవిడ మంచినీళ్లు తెప్పించింది.