రెండో కొలత

బోధన్ అవతల ఉన్న ఆ చిన్న స్పిరిట్ ఫ్యాక్టరీకి త్రివేణి నెలకోసారి వచ్చేది. సొంతూరు నిజామాబాద్, హైదరాబాదులో పరిశోధన. చెరకు మడ్డి అయిన మొలాసిస్ నుంచి స్పిరిట్ తీశాక మిగిలే నల్లటి నీళ్లు అక్కడ ఒక లోతైన గుంతలో పడతాయి. దాని మీది సిమెంటు మూత తెరిచి, పొడవాటి గొట్టంతో అడుగు బురద తీసిచ్చేది కూలీ ఆశన్న.

"ఏముంటది బిడ్డా గీ బురదల?" అని ఒకరోజు అడిగాడు.

"కంటికి కనబడని జీవులుంటయి కాకా. మనకు గాలి ఎట్లనో వాటికి గీ నీళ్లల్ల ఉండే సల్ఫేట్ అనే ఉప్పు అట్ల. దాన్ని వాడుకొని విషపు గాలి ఇడుస్తయి. గీ కుళ్లిన గుడ్ల వాసన అదే."

"ఎంత ఇడుస్తయో నీకెట్ల ఎర్కైతది?"

ఆమె ఓపిగ్గా చెప్పింది. ల్యాబులో రేడియోధార్మిక గంధకం ఉన్న సల్ఫేటును చుక్కంత తీసి సన్నని సూదితో బురదలోకి ఎక్కిస్తారు. ఆరు గంటలయ్యాక జింకు ద్రావణం పోసి జీవుల పని ఆపేస్తారు. తర్వాత ఆమ్లంతో మరిగించి, జీవులు మార్చిన గంధకాన్ని వేరు చేసి, దాని కిరణాలను యంత్రంతో లెక్కిస్తారు. ఎక్కించిన దాంట్లో ఎంత మారిందో చూస్తే వాటి వేగం తెలిసిపోతుంది.

"అంటే గొర్రెకు రంగు పూసి మందల ఇడిసినట్టు," అని నవ్వాడు ఆశన్న.

ఏప్రిల్‌లో తీసిన బురద ఫలితం చూసి త్రివేణి గైడ్ దగ్గరికి పరుగెత్తింది. జీవుల వేగం చలికాలం కంటే పదకొండు రెట్లు. ఆ ఎండల్లో, మూసిన గుంతలో దిగి ఎవరైనా బురద కదిపితే బతకరు.

"ఒక్క కొలత నమ్మి ఎలా చెప్తావు? మళ్లీ చెయ్యి," అన్నారు గైడ్ సౌందర్య మేడం. "తప్పని తేలితే ఇంకోసారి ఎవరూ మనల్ని గేటు దాటనివ్వరు."

త్రివేణి సరేనంది. రెండో కొలత పూర్తయ్యేసరికి పన్నెండు రోజులు పట్టింది. దాదాపు అదే సంఖ్య. వెంటనే ఫ్యాక్టరీ మేనేజర్ నరేందర్‌కు ఫోన్ చేసి, గుంతలోకి ఎవర్నీ దింపొద్దని చెప్పింది.

"లేటయింది మేడం. పొద్దుగాల గుంత సాఫ్ చేద్దామని ఆశన్న దిగిండు. పానం పోయింది."

ఆ పొద్దున గుంత అంచున నిలబడ్డ తోటి కూలీ కృష్ణ తర్వాత ఆమెకు చెప్పాడు. "దిగినంక, 'వాసన పోయిందిరా, ఇగ భయం లేదు' అన్నడక్కా. రెండు పారలు ఎత్తిండో లేదో బోర్ల పడ్డడు. నడుముకు తాడన్న కట్టలే."

వాసన పోలేదు. ఆ వాయువు ఎక్కువైతే ముందు చచ్చేది ముక్కే.

తాగి దిగాడని ఫ్యాక్టరీ వాళ్లు రాయించారు. అధికారుల విచారణ జరుగుతోందని తెలిసి త్రివేణి తన కాగితాలు సర్దుకుంది.

"రెండో కొలత ఒక్కటే ఇవ్వు," అన్నారు సౌందర్య మేడం. "ముందే తెలుసని నువ్వే రాసిస్తే నీ గతేంటి?"

త్రివేణి రెండూ ఇచ్చింది, తేదీలతో సహా. విషపు గాలికే చనిపోయాడని తేల్చి, తాగాడన్న మాట కొట్టేశారు. గుంతలోకి మనుషుల్ని దింపొద్దని ఆర్డరు వచ్చింది. తన కొలతల తేదీలు కూడా ఉన్న ఆ కాగితం నకలు తీసుకుని ఆమె ఆశన్న ఇంటికి వెళ్లింది. అతని భార్య హన్మవ్వ అరుగు మీద కూర్చుని ఉంది.

"కాక తాగలేదని రాసిండ్రు చిన్నమ్మా."

"గది నాకెర్కనే." హన్మవ్వ కాగితం అందుకుని ఒకచోట వేలు పెట్టింది. "గిదేం తారీకు?"

"గుంతల విషం ఎక్కువైందని నేను మొదలు చూసిన రోజు."

"గాయన సావకముందా?"

"పన్నెండు రోజుల ముందు."

హన్మవ్వ ఆమె ముఖంలోకి చూసింది. "బురద కావాల్నంటే గాయనకే ఫోన్ చేస్తుంటివి గద బిడ్డా. గీ ముచ్చట ఎందుకు చెప్పకపోతివి?"

గైడ్ మాట, తప్పవుతుందేమోనన్న భయం, ఏదీ ఆమెకు చెప్పదగ్గ కారణంగా తోచలేదు. త్రివేణి వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయింది. హన్మవ్వ కాళ్లు వెనక్కి తీసుకుంది.

"వద్దు. లే."

కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని ఇంట్లోకి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. త్రివేణి చాలాసేపు అక్కడే నిలబడి, బస్టాండు వైపు నడిచింది.