నా పేరు మీద కారు

కారు చార్జింగులో ఉన్నప్పుడు మా ఇంట్లో గీజరు వేయకూడదు. రెండూ ఒకేసారి వేస్తే మీటరు దగ్గర స్విచ్చు పడిపోతుంది, అత్తయ్య గదిలో ఫ్యాను ఆగిపోతుంది, ఆమె కేకలు మొదలవుతాయి. మా ఆయన ఫిలిప్ పులివెందుల నుంచి ఆలస్యంగా వచ్చి ప్లగ్గు పెట్టి పడుకుంటాడు. తెల్లవారి నేను లేచేసరికి ఇంకా చార్జింగు ఎక్కుతూనే ఉంటుంది. అందుకని మూడేళ్లుగా చన్నీళ్లే పోసుకుని బడికి పోతున్నాను. మొదట్లో పళ్లు టకటకా కొట్టుకునేవి. ఇప్పుడు నీళ్లు మీద పడిన సంగతి కూడా తెలియదు. ఒళ్లు అలవాటు పడిందనుకున్నాను గానీ, మొద్దుబారింది ఒళ్లు ఒక్కటేనా అని ఈమధ్య అనుమానం వస్తోంది.

ఆ కారు నా పేరు మీదే ఉంది. నేను వీరపునాయునిపల్లె హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఫిలిప్‌ది మేముండే ప్రొద్దుటూరు మార్కెట్లోనే శనగల కమీషన్ వ్యాపారం, సరుకు కోసం పులివెందుల దాకా తిరుగుతుంటాడు. అతనికి జీతమూ లేదు, ఆదాయపన్నూ లేదు. బ్యాంకు నమ్మేది నన్నే. రెండువేల ఇరవై మూడు మార్చిలో ఒక సాయంత్రం నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. పెళ్లయిన తర్వాత కూరగాయల దగ్గర నా పక్కన కూర్చోవడం అదే మొదలు. రెండు కాయలు ఒలిచాడు కూడా.

"కరెంటు కారు కొంటే లోనుకు కట్టే వడ్డీ నీ ఆదాయంలోంచి తీసేసి పన్ను లెక్కేస్తారంట మణీ. ఈ నెల దాటితే కొత్త లోన్లకు ఆ మినహాయింపు లేదంట. రోడ్డు ట్యాక్సు గూడా కట్టే పనిలేదు. ఆడోళ్ల పేరు మీదైతే బ్యాంకోళ్లు వడ్డీ రవ్వంత తగ్గిస్తారు. అన్నీ నీకే కలిసొస్తాండాయి, చూడు."

నీకే అన్న మాటకు పడిపోయాను. ఆ పన్నులో తగ్గేది చారెడైతే నా జీతంలోంచి నెలనెలా పోయే కంతు బస్తాడు. పిల్లలకు చెప్పే లెక్కే అది. నాకోసం వేసుకోవాలని తోచలేదు.

ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞత కానుకల చీటీలు చదువుతూ పాస్టరుగారు, "సహోదరుడు ఫిలిప్ గారికి దేవుడు అనుగ్రహించిన నూతన వాహనం నిమిత్తం" అన్నారు. కవరులో డబ్బు పెట్టింది నేను, చీటీ రాసింది అతను. ఆరాధన అయ్యాక అందరూ బయటికొచ్చి కారు మీద చేతులుంచి ప్రార్థన చేశారు. స్టీరింగు ముందు ఫిలిప్, పక్కన అత్తయ్య. నన్ను ఫోన్లో వీడియో తీయమన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం కళ్లు తెరుచుకునే ఆమెన్ అన్నాను.

పోయిన వానాకాలం ఒకరోజు బడి వదిలాక నేనూ మసరత్ టీచరూ ఒకే గొడుగు కింద బస్సు కోసం నిలబడి ఉన్నాం. పులివెందుల వైపు నుంచి మా కారు వచ్చి ఆగింది. నిండా ఫిలిప్ స్నేహితులు. అద్దం దించి, "వెనకాలే బస్సు వస్తాంది, వేంపల్లెలో దాటుకోని వచ్చినా, దిగులుపడొద్దు" అని చెప్పి చెయ్యూపి వెళ్లిపోయాడు. నేనూ చెయ్యూపాను.

మసరత్ నన్నే చూస్తూ, "ఏందక్కా, నీ కారుకు నువ్వే టాటా చెప్తాండావు!" అంది.

ఇద్దరం నవ్వాం. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. బస్సెక్కి ఇంటికెళ్లి రాత్రికి ఉర్లగడ్డ వేపుడు చేశాను. అంత జరిగినా నాలో ఏదీ కదలనందుకు మాత్రం కాస్త భయం వేసింది.

పోయిన నెలతో లోను తీరింది. ఈ ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫిలిప్ మొయిన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. మొయిన్ రవాణా ఆఫీసు పనులు చేసిపెట్టే ఏజెంటు. బల్ల మీద కాగితాలు పరిచి, నేను ఎక్కడెక్కడ సంతకాలు పెట్టాలో పెన్సిలుతో గుర్తులు పెడుతున్నాడు.

"మొన్న పోలీసోళ్లు బండి ఆపి, ఈ రత్నమణి ఎవరు అని అడిగిరి" అన్నాడు ఫిలిప్. "బండిలో నా పక్కనున్న నాగేంద్ర ఒగటే నవ్వు, పెళ్లాం కార్లో తిరుగుతాండావా అప్పా అని. నాకు తలకాయ కొట్టేసినట్టాయ. లోను తీరిపాయ, వడ్డీ లేదు, పన్నులో తగ్గేది ఏమీ లేదు. ఇంగ నీ పేరుతో పనేముండాది? సంతకం పెట్టు, నా పేరుకు మార్పిస్తా."

"పెట్టమ్మా, ఆ పిలగాడు ఎంతసేపు కూచుంటాడు?" లోపల్నుంచి అత్తయ్య. "ఇంతసేపయినా టీ గూడా ఇయ్యకపోతివి."

వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. ఇంక నీ పేరుతో పనేముంది. ఆ మాట పొయ్యి దగ్గర నిలబడ్డాక వినబడింది నాకు. మూడేళ్లుగా పన్నులో ఏదో తగ్గుతుందని నన్ను మోసుకొచ్చారు, తగ్గేది లేకపోయేసరికి దించేస్తున్నారు. కోపం. ఎన్నాళ్లకో వచ్చింది. వచ్చినందుకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మొయిన్‌కి టీ ఇచ్చి, ఎదురు కుర్చీలో కూర్చున్నాను. కాగితాలు ఒకదాని మీదొకటి సర్ది అతని వైపు జరిపాను.

"ఇవి వద్దులే మొయిన్. నువ్వు డ్రైవింగ్ లైసెన్సులు గూడా చేయిస్తావు గదా?"

"చేయిస్తా మేడం. ఎవరికి?"

"బండి ఓనరుకు."

మొయిన్ టీ గ్లాసు పట్టుకుని ఫిలిప్ వైపు చూశాడు. "సార్‌కు ఉండాది గదా మేడం?"

"సార్‌కు ఉండాది" అంటూ నా ఆధార్ కార్డు అతని ముందు పెట్టాను. "ఓనరుకు లేదు."