గొంతు దాకా వచ్చిన ఎరుపు

అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే హషిజుమె వాళ్ళింట్లో అందరూ పొద్దున లేవగానే ముందు చేతులు చూసుకుంటారు. ఆ తరవాతే మొహాలు కడుక్కోవడం, మిసో సూప్ పొయ్యి మీద పెట్టడం. ఇంటి ముందు తోటలో మూడు మేపుల్ చెట్లున్నాయి. వాటి ఆకుల అంచులు ఎర్రబడ్డ రోజునే ఆ ఇంటివాళ్ళ వేళ్ళ కొసలు కూడా ఎర్రబడతాయి, గోరింటాకు పెట్టుకున్నట్టు. ఆకులు రాలిపోయాక నాలుగు రోజుల్లో ఆ రంగూ పోతుంది.

కిసో లోయలో ఆ చుట్టుపక్కల ఎవరికీ ఇది వింత కాదు. పోస్ట్‌మన్ హమనో పార్సెల్ మీద ముద్ర వేయించుకుంటూ వాళ్ళ చేతులు చూసేవాడు. "ఓహో, ఇంకో వారంలో పై కొండ కూడా పండుతుందన్నమాట" అనేసి సైకిలెక్కి పోయేవాడు.

చితోసె ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి ఏడాది వేళ్ళు చూసుకుని హడలిపోయి సబ్బుతో తెగ రుద్దింది. అత్తగారు ఇసె పడీపడీ నవ్వింది. "సబ్బు అరగదీయకమ్మా. రంగు మామూలుగా మణికట్టు దాటదు. మోచేతి దాకా వచ్చినా ఏం కాదు. గొంతు దాటి గడ్డం కిందికి వస్తేనే చూసుకోవాలి" అంది.

"వస్తే ఏమవుతుంది అత్తయ్యా?"

"ఆకులతో పాటు మనమూ రాలిపోతాం" అంది ఇసె, కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా.

డెబ్భై నాలుగో ఏట ఇసె అలాగే పోయింది. ఆ శరదృతువులో ఎరుపు ఆమె గొంతు దాటి చెంపల్లోకి పాకింది. వసారాలో కూర్చుని ఎండబెట్టడానికి పెర్సిమన్ పళ్ళు తొక్క తీస్తుంటే చలిగాలి వీచింది. చెట్లన్నీ ఒక్కసారిగా ఆకులు దులిపేశాయి. చితోసె వచ్చి చూసేసరికి ఒళ్ళో సగం తొక్క తీసిన పండుంది, ఇసెలో ప్రాణం లేదు. ఊళ్ళో వాళ్ళు వచ్చి, "మంచి రంగు మీద పోయింది" అన్నారు. చితోసె కూడా ఏడ్చి, తరవాత సరేననుకుంది. వయసైపోయిన మనిషి కదా.

కానీ ఆ తరవాత మూడో ఏడు, మేపుల్ ఆకులు ఇంకా సగం పచ్చగా ఉండగానే, చితోసె కూతురు నజునా చెయ్యి మణికట్టు దాటి ఎర్రబడింది.

నజునాకి తొమ్మిదేళ్ళు. రెండు చేతులూ పైకెత్తి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా! నాన్నకంటే నాకే ఎక్కువొచ్చింది! తాతయ్యకైతే గోళ్ళ దాకానే!"

చితోసె చేతిలోని గరిటె కింద పడింది. వంగి తీసుకుంటూ, "బాగుంది, స్వెట్టర్ వేసుకో" అంది. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా కూతురి చేతికి దారం ఆనించి కొలిచేది. రోజుకి నాలుగు వేళ్ళ వెడల్పు చొప్పున పైకి పోతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు నాడి చూశాడు, నాలిక చూశాడు. "జ్వరం లేదు, నొప్పి లేదు. మీ ఇంటి రంగే కదండీ ఇది. దీనికి నా దగ్గర మందెక్కడిది?" అని తల దించుకున్నాడు. సముద్రం ఒడ్డున చెల్లెలింటికి తీసుకెళ్ళింది. అక్కడ చుట్టుపక్కల ఒక్క మేపుల్ చెట్టు కూడా లేదు. అయినా రెండు రోజుల్లో రంగు మోచెయ్యి దాటింది. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ నజునా కిటికీలోంచి కొండలు చూస్తూ పాటలు పాడింది. చితోసె కూతురి చొక్కా చేతులు కిందికి లాగుతూనే ఉంది, ఎవరూ చూడకూడదన్నట్టు.

ఊరివాళ్ళు మాత్రం చూశారు. పక్కింటావిడ చెస్ట్‌నట్లు వేసి వండిన అన్నం గిన్నెలో పెట్టి తెచ్చింది. "ఈసారి పాపకొచ్చిందటగా. ఇష్టమైనవన్నీ తిననివ్వు తల్లీ" అంది నెమ్మదిగా. చితోసె ఆ గిన్నె తీసుకోలేదు. ఆవిడ మొహం మీదే తలుపేసి, తలుపుకి వీపు ఆనించి చాలాసేపు నిలబడిపోయింది.

భర్త కెంగో రంపపు మిల్లులో పనిచేస్తాడు. సెలవు పెట్టి ఇంటికొచ్చి గొడ్డలి తీశాడు. "మూడు చెట్లూ నరికేస్తా. చెట్టే లేకపోతే ఆకు రాలేదెక్కడ?"

"నరికితే ఆకులన్నీ అప్పుడే పోతాయి" అంది చితోసె. కెంగో గొడ్డలి పట్టుకుని అలాగే చతికిలబడ్డాడు.

ఇంత జరుగుతున్నా కెంగో తండ్రి కిసబురో నోరు మెదపలేదు. ఆయనకి డెబ్భై ఆరేళ్ళు. ఆ తోట ఆయనదే. మేపుల్ చెట్ల వెనక వరసగా ఏడాది పొడుగునా పచ్చగా ఉండే హినోకిలు, దేవదార్లు, వాటి మధ్య గొడుగు ఊచల్లా ఆకులు విచ్చుకునే గొడుగు పైన్, ఆ చివర లార్చ్ చెట్టు ఉన్నాయి. వాటి మంచీ చెడూ చూసుకునేది ఆయనే. మంచు బరువుకి కొమ్మలు విరగకుండా ఏటా ఆ రోజుల్లో తాళ్ళు కడతాడు. ఈసారి నిచ్చెన మీద తాడు పట్టుకుని నిలబడి గంటసేపైనా ఒక్క ముడి వెయ్యలేదు. చితోసె టీ తీసుకెళ్తే కిందికి దిగాడు.

"చితోసె, నీకో మాట చెప్పాలి. విన్నాక నువ్వు నన్ను తిట్టినా సరే."

"చెప్పండి మామయ్యా."

"నాకో తమ్ముడుండేవాడు. తోకిజి. వాడికి నాలుగేళ్ళప్పుడు ఇలాగే వచ్చింది. ఆకు రాల్చని చెట్టుకి ఆనించి కూర్చోబెడితే రంగు ఆగుతుందని మా నాన్నకి వాళ్ళ నాన్న చెప్పాడట. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా, ఆకులన్నీ రాలేదాకా. నాన్న పనికిపోతూ నాకు చెప్పాడు, 'తమ్ముణ్ణి గొడుగు పైన్ దగ్గర కూర్చోబెట్టు, లేవనివ్వకు' అని. నాకప్పుడు పదేళ్ళు."

"మరి? ఆగలేదా?"

"ఆగలేదనే అందరూ అనుకున్నారు. అదంతా ఉత్తిమాటని నాన్న కూడా వదిలేశాడు." కిసబురో టీ కప్పు కింద పెట్టాడు. "గొడుగు పైన్ కింద నీడ. చలికి వాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. లార్చ్ కింద మంచి ఎండ పడుతోంది. చెట్టంతా బంగారంలా ఉంది. 'అన్నా, అక్కడ కూచుందాం' అన్నాడు వాడు. అదీ సూదాకుల చెట్టే కదా, ఏదైతేనేం అనుకున్నా. వారం రోజులూ అక్కడే కూర్చోబెట్టా. సూదాకులే అయినా లార్చ్ కూడా ఆకులు రాలుస్తుందని నాకు తట్టలేదమ్మా. గాలొచ్చిన రోజు వాడి నెత్తి నిండా ఆ సూదులే."

చితోసె గొంతు ఆమెకే పరాయిగా వినిపించింది. "ఇది మీకు మొదటి రోజు నుంచీ తెలుసు. అది మోచెయ్యి దాటేదాకా నోరు మూసుకుని కూర్చున్నారా?"

"అరవై ఆరేళ్ళుగా మూసుకునే ఉన్నా. తెరవడం రాలేదు."

"మీ పరువు కోసం నా బిడ్డని..." మాట పూర్తి చెయ్యకుండానే ఇంట్లోకి పరిగెత్తింది. నజునాని, దుప్పటినీ, దిండునీ ఒక్కసారే ఎత్తుకుని తోటలోకి వచ్చింది.

ఆ రోజు నుంచి నజునా గొడుగు పైన్‌కి వీపు ఆనించి కూర్చుంది. బడి లేదు. రెండు దుప్పట్లు, వేడినీళ్ళ సీసా, లెక్కల పుస్తకం. పక్కన కిసబురో. చితోసె వంటింటికీ తోటకీ మధ్య తిరుగుతూనే ఉంది. గిన్నె కడుగుతూ కూడా కిటికీలోంచి చూసేది, ఆ నీలం దుప్పటి అక్కడే ఉందా లేదా అని.

"తాతయ్యా, నువ్వు గురక పెడుతున్నావు."

"పెట్టలేదు. చెట్టు పెట్టింది."

"చెట్టుకి ముక్కేదీ?"

"నీకంటే నయం. నోరు లేదు దానికి."

రంగు ఆగలేదు. కానీ నెమ్మదించింది. నాలుగు వేళ్ళ వెడల్పు కాస్తా మూడు వేళ్ళయింది. తరవాత రెండు వేళ్ళు. ఆరో రోజుకి భుజం మీదికి, తొమ్మిదో రోజుకి గొంతు మీదికి వచ్చింది. మేపుల్ చెట్లు ఆ ఏడు ఎన్నడూ లేనంత ఎర్రగా పండాయి. రోడ్డున పోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. చితోసె ఆ చెట్ల వైపు తలెత్తేది కాదు. నిప్పంటుకున్న ఇంటి ముందు కూర్చుని అన్నం తింటున్నట్టుండేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం రెండింటికి, కొండల మీంచి ముందు చప్పుడొచ్చింది. ఆ తరవాత చలిగాలి. పై వరసలోని హినోకిలు ఊగాయి. కెంగో మిల్లులో ఉన్నాడు. కిసబురో అప్పుడే వసారాలోకి వెళ్ళి వేడినీళ్ళ సీసా నింపుతున్నాడు. గాలి ఒక్క ఊపుతో దుప్పటి ఎగరగొట్టింది. మేపుల్ చెట్లు మూడూ ఒళ్ళు విదిలించుకున్నాయి. తోటంతా ఎర్రటి ఆకులు గిర్రున తిరుగుతూ లేచాయి.

"అమ్మా, చూడు!" అని నజునా చప్పట్లు కొడుతూ లేచి నిలబడింది. ఆకుల వైపు రెండు అడుగులు వేసింది కూడా. మూడో అడుగుకి తూలింది. గాలికి కాగితంలా అటే వంగిపోయింది.

చితోసె వంటింటి మెట్ల మీంచి ఎలా దూకిందో, చెప్పులు ఎక్కడ పోయాయో తెలీదు. బిడ్డని ఎదురురొమ్ముకి హత్తుకుని వెనక్కి ఈడ్చుకొచ్చి, చెట్టుకి ఆనించి, పిల్లతో సహా ఆ కాండాన్ని రెండు చేతులా వాటేసుకుంది. నజునా బరువు తెలీడం లేదు. ఉత్తి బట్టలు పట్టుకున్నట్టుంది. ఆఖరిసారి చూసినప్పుడు ఎరుపు గడ్డం అంచున ఉంది. మళ్ళీ చూసే ధైర్యం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది. బెరడు అరచేతుల్లో గుచ్చుకుంటోంది. ఆకులు వీపు మీద, జుట్టు మీద, చెవుల పక్కన టపటపా కొట్టుకుంటూ పోతున్నాయి. కొడుతూనే ఉన్నాయి. ఎంతకీ అయిపోవేం? ఎన్ని ఆకులుంటాయి ఒక చెట్టుకి?

తరవాత చప్పుడు ఆగింది. చితోసె కళ్ళు తెరవలేదు.

"అమ్మా" అంది నజునా ఆమె రొమ్ములోంచి. "ఊపిరాడట్లేదు. వదులు."

అప్పుడు చూసింది. మెడ మీద ఎరుపు లేదు. చేతుల మీద లేదు. పోవడానికి నాలుగు రోజులు పట్టాల్సిన రంగు నాలుగు నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోయింది. గోళ్ళ మొదట్లో మాత్రం సన్నగా, ఉందా లేదా అన్నట్టు, ఒక ఆకుపచ్చ గీత. చితోసె అది చెట్టు నాచేమో అనుకుంది. అప్పుడు దాన్ని పట్టించుకునే స్థితి కాదు. వసారా గుమ్మంలో కిసబురో సీసా పట్టుకుని నిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. చితోసె ఆయన దగ్గరికి వెళ్ళలేదు. కానీ ఆ సాయంత్రం అందరికంటే ముందు ఆయనకే అన్నం పెట్టింది.

ఏప్రిల్‌లో బడిలో పళ్ళ పరీక్ష జరిగింది. నజునా ఒక చీటీ తెచ్చింది. ఈ వయసుకి ముందు పళ్ళ పక్కనున్న పాలపళ్ళు ఊడి ఉండాలనీ, ఈ పాపకి కదలడం కూడా లేదనీ అందులో ఉంది. చితోసె కూతురి నోరు తెరిపించి ఒక్కో పన్నూ వేలితో కదిపి చూసింది. బండలో దిగిన మేకుల్లా ఉన్నాయి. మర్నాడు తల దువ్వి, దువ్వెన వెలుతురుకి పట్టి చూసింది. ఒక్క వెంట్రుక లేదు. ఆ మర్నాడూ లేదు. నెల్లాళ్ళు చూసింది. పాత భయం వెళ్ళిన గదిలోకి కొత్తది వచ్చి చాప పరుచుకుంది.

"మీకు తెలుసా మామయ్యా, ఇలా అవుతుందని?"

"అది ఆకు రాల్చదని తెలుసు" అన్నాడు కిసబురో. "పిల్ల ఇంకేమేం రాల్చదో నేను ఆలోచించలేదు." కాస్త ఆగి, "తెలిసినా కూర్చోబెట్టేవాణ్ణే" అన్నాడు.

"నేనూ అంతే" అంది చితోసె.

ఆ నవంబరులో ఇంట్లో అందరి వేళ్ళూ ఎర్రబడ్డాయి, ఒక్క నజునావి తప్ప. తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుని మూతి ముడుచుకుంది. చితోసె ఆమెని వసారాలో పక్కన కూర్చోబెట్టుకుంది. అబద్ధం చెప్పాలనుకుంది. నోరు రాలేదు.

"నీకిక రాదు నాన్నా."

"వచ్చే ఏడు?"

"రాదు. ఎప్పటికీ."

నజునా కాళ్ళూపుతూ ఆలోచించింది. "తాతయ్యకొస్తుంది. నాన్నకొస్తుంది. నీకూ వస్తుంది. ఒక్కొక్కళ్ళకీ గొంతు దాకా వచ్చేస్తుంది."

"ఊఁ."

"అప్పుడు ఆకులు ఊడ్చేది నేనొక్కదాన్నేనా?"

"నువ్వే."

"అయితే నాకు నా సొంత చీపురు కావాలి" అంది నజునా. లేచి తాతయ్యని వెతుక్కుంటూ పోయింది.

కిసబురో వెదురు పుల్లలు ఏరి, బిగించి కట్టి, కొత్త చీపురు చేశాడు. దాని కర్ర నజునా తలకంటే జానెడు ఎత్తుంది. రంపం తీసి, కర్ర మీద గీత పెట్టి, కోడలి వైపు చూశాడు. "ఇక్కడికి కొయ్యనా?"

చితోసె కూతురి వైపు చూసింది. నిరుడు కొన్న స్కర్టు ఇంకా మోకాలి కిందికే ఉంది. ఎదుగుతోందో లేదో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అడగడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

"మామయ్యా" అంది. "గొడుగు పైన్ పెరుగుతుందా?"

కిసబురో తలెత్తి చూశాడు. చెట్టు కొన ఇంటి చూరు దాటి ఉంది. "నా చిన్నప్పుడు మా నాన్నకంటే మూరెడే ఎత్తుండేది" అన్నాడు. "పెరుగుతుందమ్మా. చాలా నెమ్మదిగా."

"అయితే కొయ్యకండి" అంది చితోసె.