పాలు ఇంకిన మూల

సర్వమూ మోసే తల్లీ, భూదేవీ! నీ కడుపులో దాగినవారిని తలచుకొని ఈ కథ చెప్పబూనాను. మాట తడబడితే మన్నించు.

పాలు మట్టిలోకి ఇంకుతున్నాయి.

మొదట తెల్లగా... పిదప మట్టిరంగుగా... ఆపైన ఏమీ జరగనట్టుగా.

శాలిబండలో, బర్రెల కొట్టం వెనుక, తూర్పు మూలన, తొలుత పిండిన పాలు కొంచెం పోయనిదే రాజమణికి తెల్లవారదు. భూదేవికి పోస్తోందని కోడలు అనుకుంటుంది.

భూదేవికే. ఆ తల్లి ఒడిలోని పసివాడికి కూడా.

తొలిచూలు బిడ్డ. పేరైనా పెట్టకముందే కన్నుమూశాడు. దహనం చేయరాని పసితనం. భర్త కొండల్ తన చేతులతోనే అక్కడ దాచాడు. నేడు కొండల్ కూడా లేడు. ఆ చోటు ఆమె ఒక్కతే ఎరుగును.

కొట్టం వెనుక గోడకు పునాది తీస్తుంటే పాత ఇటుకలు బయటపడ్డాయి. పురావస్తు తవ్వకాల వాళ్లు వచ్చారు. వారికి పెద్ద ఆశ్రిత — చెప్పులు విడిచి గుంటలో దిగే పిల్ల. నగరం పుట్టకముందే ఇక్కడొక ఊరు ఉండేదని చెప్పింది. ఆదివారం బస్తీ అంతటికీ చూపిద్దామంది. రాజమణి సంతోషంగా సరేనంది.

పొయ్యి బయటపడింది. పొయ్యిలో బూడిద. ఎవరో వండుకున్న బూడిద.

"వదినా, బంగారం దొరికితే సగం నాది. ఇన్నేండ్లు నీ బర్ల వాసన ఊకెనే పీల్చిన్నా?" అన్నాడు పక్కింటి బాలరాజ్.

రాజమణి నవ్వింది. నవ్వుతూనే మూలకేసి చూసింది.

తవ్వకం పెరిగేకొద్దీ గుంట చుట్టూ కట్టిన తాడు జరిగింది. మూల వైపే జరిగింది.

చెబితే — దాచుకున్న దుఃఖం బస్తీ నోట పడుతుంది.

చెప్పకుంటే — పార తగులుతుంది.

శనివారం సాయంత్రం, మూలకు జానెడు దూరంలో, కుండ కనిపించింది. దాని నోటిమీద బోర్లించిన మూకుడు. ఆశ్రిత కుంచెతో మట్టి తుడిచి, మూకుడు మెల్లగా ఎత్తింది.

లోపల, పిట్ట ఎముకలంతటి ఎముకలు.

ఎన్ని వందల ఏళ్ల కిందటి పసిబిడ్డో, అంది. పక్కన చిన్న గిన్నె ఒకటి. అందులో ఏం పెట్టారో తెలియదంది.

రాజమణి గుంటలోకి దిగింది. గిన్నె అంచు తాకింది. చాలాసేపు తాకింది.

"దీని పక్కన నా కొడుకున్నడు బిడ్డా. ఆడ పార పెట్టకు."

కుంచె ఆగింది.

ఆశ్రిత తానే లేచి, మేకు పీకి, తాడును వెనక్కి కట్టింది.

"మరి ఈ పిల్లగానిది?" అంది రాజమణి. "వీని తల్లి వచ్చి అడగలేదు గద. ఆమె తరఫున నేనడుగుతున్న. కప్పెయ్యి."

"రేపు అందరు చూసెతందుకు వస్తున్నరమ్మా... దీన్ని చూస్తెనే గద, ఈడ మనుషులు బతికిండ్రని నమ్ముతరు."

ఇద్దరి మాటా నిజమే.

ఆదివారం పొద్దున్నే గేటు ముందు జనం. పిల్లల కేరింతలు. కుండ పక్కన ఆశ్రిత కూర్చుంది — ఒడిలో మూకుడు, చేతికందేంత దూరంలో మట్టి గంప.

రాజమణి చెంబుతో వచ్చింది. మూలన పోసింది. గుంట అంచున మోకరిల్లి, కుండ పక్కనా పోసింది.

గేటు గడియ చప్పుడైంది.

కప్పడానికో, చూపడానికో, ఆశ్రిత చేయి లేచింది... పాలు మట్టిలోకి ఇంకుతున్నాయి. మొదట తెల్లగా... పిదప మట్టిరంగుగా...

ఈ కథ విన్నవారి ఇంట పాలు పొంగుగాక. వారి పిల్లలు నిండు నూరేళ్లు వర్ధిల్లుదురు గాక. మన పాదాల కింద ఉన్నవారు చల్లగా నిదురింతురు గాక.